మాస్టారి గోడ మీద నా రక్తం

కాశీబుగ్గ జంక్షన్లో ఒక జీడిపప్పు కొట్టు మీద కొత్తగా తెర వేలాడదీశారు. అది మామూలు తెర కాదు. దాని వెలుగు తట్టుకోలేక ఎదురుగా ఉన్న మందుల కొట్టువాడు పట్టపగలు నల్లకళ్లజోడు పెట్టుకుని బిళ్లలు అమ్ముతున్నాడు. ఆ తెర మీద ఒక జీడిపప్పు నడుస్తుంది. రెండు కాళ్లు, రెండు చేతులు, నెత్తిన తలపాగా, ఒక కొంటె నవ్వు. ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి, మనకో దణ్ణం పెట్టి, మళ్లీ ఈ చివర్నుంచి బయల్దేరుతుంది. కిందటి మంగళవారం ఆటో కోసం నిలబడి దాన్నే చూస్తున్నాను. మూడో విడతకి సంగతి అర్థమైంది. జీడిపప్పుకి కుడికాలు ముందుకి పడినప్పుడు కుడిచెయ్యే ముందుకొస్తోంది.

“ఎవుడు గీసేడు బావా దీన్ని? ఆడు జన్మలో ఎప్పుడైనా నడిసేడా?”

ఈ మాట నా చెవి పక్కనే ఎంత స్పష్టంగా వినిపించిందంటే, “ఊరుకో బావా, కొట్టువాడు వింటాడు” అని జవాబు కూడా చెప్పేశాను. చెప్పాక పక్కకి చూస్తే ఎవరూ లేరు. ఉండరు. ఆ మాట అనాల్సిన మనిషి పోయి నాలుగు నెలలైంది. 

ఆయన మా స్కూల్లో డ్రాయింగు మాస్టారు, నేను సోషలు. పూండి స్టేషన్లో దిగి, ఆటోలో జీడితోటల మధ్య నడుము విరగ్గొట్టుకుంటే వచ్చే ఊరు మాది. ఆయన పేరు జీతం బిల్లులో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు గనక ఇక్కడా రాయను. రాయకపోవడానికి రెండో కారణం భయం. ఆయన భార్య, వరసకి నాకు అక్క, తను వండి పెట్టిన పీతల పులుసు వల్లే మొగుడు పోయాడని నాలుగు నెలలుగా ఏడుస్తోంది. పులుసు తప్పేం లేదని నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పాలంటే నేను చేసిన పని చెప్పాలి. చెబుదామనే బయల్దేరతాను. ఆ వీధి మొదటిదాకా వెళ్లి, కుక్క అరిచిందనో ఎండ ఎక్కువైందనో వెనక్కి వచ్చేస్తాను. పాపం, ఆ కుక్క నన్ను చూసి ఎప్పుడూ అరవలేదు.

ఆయనకి మనుషులు ముఖాలతో గుర్తుండేవారు కాదు. సొంత తమ్ముడు ఎదురుగా కుర్చీలో కూర్చుంటే “ఎవులు బాబూ మీరు?” అని అడిగిన మనిషి. అదే తమ్ముడు ఫర్లాంగు దూరంలో వీపు తిప్పి నడుస్తుంటే పేరుతో సహా, మోకాలి నొప్పితో సహా చెప్పేవాడు. ఆయన లెక్కలో మనిషంటే నడక. మా హెడ్మాస్టారికి బెల్టు ముందు నడుస్తుంది, ఆయన వెనకాల వస్తాడు. కొబ్బరిచెట్లెక్కే ముసలాయన నేల మీద కూడా చెట్టెక్కుతున్నట్టే పాదాలు లోపలికి తిప్పి వేస్తాడు. నా నడక గురించి ఒకసారి అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“నువ్వు నడవవు బావా. ముందు నీ భయం రెండడుగులేసి, అటూ ఇటూ సూసి, ‘పరవాలేదు, రా’ అంతాది. అప్పుడు నువ్వెల్తావు.”

నడక నచ్చితే చాలు, ఆ మనిషి వెనక చిన్న పుస్తకం, పెన్సిలు పట్టుకుని పడేవాడు. ఒకసారి పశువుల ఆసుపత్రి ఉద్యోగి ఒకాయన వెనక సంతనుంచి రైలుగేటు దాకా నడిచాడు. ఏసీబీ వాళ్లు వెంటపడ్డారనుకుని ఆ ఉద్యోగి గేటు దగ్గర తిరిగి నిలబడి, దణ్ణం పెట్టి, ఎవరి దగ్గర ఏం తీసుకున్నాడో మొత్తం అప్పచెప్పేశాడట. మాస్టారు ఓపిగ్గా విని, “అదంతా నాకెందుకు బాబూ, మీ ఎడమ మడమ నేలకి ఎందుకానదు? అది సెప్పండి” అన్నాడట.

గీసినవన్నీ కుట్టి తిప్పుడు పుస్తకాలు చేసేవాడు. అరచేతిలో పట్టే కాగితాల కట్ట. ఒక్కో కాగితం మీద మనిషి ఒక్కో వెంట్రుకవాసి కదిలి ఉంటాడు. బొటనవేలితో కట్టని గలగలా వదిలితే ఆ మనిషి లేచి నడుస్తాడు. కాగితాలకి మా విద్యార్థుల పాత జవాబుపత్రాలే ఆధారం. అందులోనూ సున్నా వచ్చినవంటే ప్రాణం, వాటిలో ఖాళీ ఎక్కువ. “నీ సబ్జెక్టు వల్లే నా కళ బతుకుతున్నాది బావా” అనేవాడు. స్టాఫురూములో ఆయన బీరువా తలుపు తీస్తే ఊరు ఊరంతా అందులో మడతపెట్టి ఉండేది.

ప్రపంచ చరిత్ర ఎనిమిదో తరగతికి చెప్పేది నేను. అసలు చరిత్ర మాత్రం ఆయన దగ్గరుంది. అందులో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మొదట గుహలో ఒకడు పందికి ఎనిమిది కాళ్లు గీశాడు. “గీత రాక కాదు బావా, పరిగెట్టించుదామని. ఆడికి కాగితం లేదు, తిప్పడానికి బొటనవేలొక్కటే ఉన్నాది.” తర్వాత దీపం వెనక మేకతోలు బొమ్మల్ని ఆడించినవాళ్లు వచ్చారు. తర్వాత చీలికలు కోసిన గుండ్రటి అట్ట, దాన్ని అద్దం ముందు తిప్పితే గుర్రం దూకుతుంది. తర్వాత దేశాంతరంలో ఎవరో మహానుభావులు వేల కాగితాల మీద గీసి, ఫొటోలు తీసి, సెకనుకి ఇరవై నాలుగు చొప్పున తెర మీదకి వదిలారు. “సోమరిపోతులు పన్నెండు గీసి, ఒక్కోటి రెండుసార్లు సూపిత్తారు. మన కంటికి తెలీదు. కన్నంత ఎర్రిబాగుల్ది ఇంకోటి లేదు బావా. వరసగా సూపిత్తే ఏదైనా నమ్మేత్తాది.”

ఆ బొమ్మలకి రంగులద్దిన ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు మారేది. గదుల నిండా వరసలుగా కూర్చుని, తెల్లగుడ్డ చేతులకి చుట్టుకుని, రోజల్లా రంగులు నింపిన ఆడవాళ్లు. వాళ్ల పేర్లు తెర మీద పడలేదు. “పలాసలో జీడిపప్పు పేకెట్టు మీద పొట్టు తీసిన మనిషి పేరుంతాదేటి? అదీ అంతే” అనేవాడు. అక్కకి పెళ్లికి ముందు ఆ పొట్టు తీసే పనే. వేళ్ల చివర్ల మీద జీడిరసం మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక నేటి కాలం గురించి మొదలెడితే గంట కొట్టినా ఆపేవాడు కాదు. పిల్లల సంచీ మీద బొమ్మ, నీళ్లసీసా మీద బొమ్మ, చెప్పుల మీద బొమ్మ, బిస్కెట్టు మీద బొమ్మ. వీధి పందిట్లో వినాయకుడికి కూడా ఇంతింత గుండ్రటి కళ్లు పెట్టి కారు నడిపిస్తున్నారు. “దేవుడు కూడా నిలబడి ఉంటే ఎవుడూ సూడ్డం లేదు బావా. కదలాల్సిందే.”

ఈ చరిత్రంతటిలోకీ ఆయనకి ప్రాణమైన సూత్రం ఒకటుంది. బొమ్మల సినిమాల్లో ఏ జంతువైనా పరిగెడుతూ పరిగెడుతూ కొండ అంచు దాటి గాల్లోకి వెళ్లిపోతుంది. పడదు. గాల్లో హాయిగా పరిగెడుతూనే ఉంటుంది. ఎప్పుడైతే కిందికి చూసి, ‘అయ్యో, నేల లేదే’ అనుకుంటుందో అప్పుడు పడుతుంది. ఇది చెబుతుంటే ఆయన కళ్లు చెమర్చేవి. “ఎంత గొప్ప మాట బావా! పడేది నేల లేక కాదు. సూసినందుకు.”

నేను నవ్వేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. ఎందుకు నవ్వడంలేదో నాకప్పుడు తెలియలేదు.

మా వైపు ఆ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది. కొబ్బరి, జీడి, కిడ్నీ, ఈ మూడూ ఉద్దానం పంటలని బయటివాళ్లే చెప్పుకుంటారు. ఎందుకొస్తుందో తేల్చడానికి వచ్చినవాళ్లు మా నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, బియ్యం పట్టుకెళ్లారు. మేం మాత్రం జబ్బుకి పేరు పెట్టి పిలవం. రక్తం చూపించుకోవాలంటే పలాస వెళతాం, వెళ్లేటప్పుడు ఎరువు బస్తా కోసమని చెబుతాం. ల్యాబు బెంచీ మీద మా ఊరివాళ్లే ఏడుగురు కూర్చుని ఒకరికొకరు “ఊరికే, షుగరు సూపించుకుందామని” అని చెప్పుకుంటారు. మా దగ్గర షుగరు చాలా పరువైన జబ్బు.

మాస్టారు ఎరువుకి కూడా పలాస వెళ్లేవాడు కాదు. ఆయన తండ్రి అలాగే పోయాడు, అన్న అలాగే పోయాడు. తప్పనిసరై వెళ్లినప్పుడు, ల్యాబు ఉన్న వీధిలోంచి ఆటో వెళుతుంటే ఆయన కళ్లు మూసుకుని కూర్చోవడం నేను స్వయంగా చూశాను.

అలాంటిచోట స్కూల్లోనే రక్తపరీక్షల శిబిరం పెట్టారు. మొదటిరోజు ఊరందరికీ సినిమా. పట్టపగలు తరగతిగది కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడ మీద బొమ్మ వేశారు. అదీ బొమ్మల సినిమానే. ఒక కిడ్నీ వచ్చింది. దానికి కళ్లు, బూరెబుగ్గలు, తెల్ల చేతితొడుగులు. నడుచుకుంటూ వచ్చి, “నమస్కారం! నేను మీ కిడ్నీని!” అని నవ్వింది.  ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ, ఆ జబ్బుకి ఇద్దరు కొడుకుల్ని ఇచ్చిన మనిషి, మెల్లగా లేచింది.

“ఏటే, నవ్వుతన్నావేటి? నా ఇల్లు ముంచీసి నా ముందరకొచ్చి నవ్వుతన్నావేటే?”

చెప్పు తీసి గోడకేసి కొట్టింది. చెప్పు కిడ్నీ బుగ్గ మీద తగిలింది. కిడ్నీ నవ్వుతూనే “రోజూ శుభ్రమైన నీళ్లు తాగండి” అంది. జనం లేచారు, బెంచీలు పడ్డాయి. ఆ గందరగోళంలో నా పక్కనుంచి మాస్టారు గొంతు: “అయ్యయ్యో. కుడికాలు, కుడిచెయ్యి ఒక్కసారేసీసినాడు బావా. ఇంత పెద్ద జబ్బుకి ఇంత ఎదవ నడకా?”

వారంలో ఆయన సొంత కిడ్నీ చేశాడు. తిప్పుడు పుస్తకంలో. జీడిపప్పులాంటి ఒక బక్క కూలిమనిషి, కావడి మోస్తూ నడుస్తాడు. ఒక్కో పుటకీ కావడి బరువెక్కుతుంది. నడుము వంగుతుంది, అడుగు చిన్నదవుతుంది. చివరి పుటల్లో మనిషి కావడి దింపడు, కూలబడడు, నడక మాత్రం సన్నగిల్లి సన్నగిల్లి గీతయిపోతుంది. అది నా చేతిలో తిప్పి చూసి పుస్తకం కింద పడేశాను. అంత భయంకరమైన వస్తువు నేనింతవరకూ ముట్టుకోలేదు.

కానీ అది తర్వాత. సినిమా మర్నాడు హెడ్మాస్టారు బెల్టుతో సహా వచ్చి ప్రకటించాడు. జనం రక్తం ఇవ్వడానికి జంకుతున్నారు గనక ముందు మాస్టార్లందరూ ఇవ్వాలి. ఎవరికీ మినహాయింపు లేదు. పేర్లు గోడకి అంటించారు.

మాస్టారు నన్ను డ్రాయింగు గదిలోకి లాగి తలుపేశాడు. పెదాలు తెల్లబడిపోయాయి.

“బావా, నీకు సూదంటే భయం లేదు కదా?”

“సూది తప్ప అన్నీ భయమే.”

“పొద్దున్న నీ రక్తం తీసింది ఆడపిల్ల. మద్దేనం ఎవుడో కుర్రోడొస్తాడట. ఆడికి నువ్వెవులో తెల్దు, నేనెవులో తెల్దు.”

“అయితే?”

“నీకు రెండు సేతులున్నాయి కదా బావా.”

అర్థం కావడానికి నాకు కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక తిట్టాను. తప్పన్నాను, మోసమన్నాను, నా ఉద్యోగం పోతుందన్నాను, రెండు సీసాల రక్తం పోతే నేనూ పోతానన్నాను. ఆయన గోడకి ఆనుకుని అలాగే జారి కింద కూర్చుండిపోయాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి. తండ్రిని మంచం మీద మోసుకెళ్లిన రోజు నేలకానని ఆ కాళ్ల గురించి గొణిగాడు. ఎంత గీసినా ఆ నడకొక్కటి రాలేదన్నాడు.

మధ్యాహ్నం ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆయన మఫ్లరు చుట్టుకుని, ఆయన పేరు చెప్పి కుడిచెయ్యి చాపాను. ఎడమచెయ్యి పొద్దున్న నా పేరున ఇచ్చేసిందే. కుర్రాడు తలెత్తి కూడా చూడలేదు. దొరికిపోతానని చెమటలు పట్టినవాణ్ణి, దొరకనందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

వారానికి కాగితాలొచ్చాయి. రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఎందుకుండవు, రెండూ నా రక్తమే.

ఇక్కడితో ఆగితే ఇదో సరదా కథ. మాస్టారు ఆ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. అక్క చూసి గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చి, కాగితానికి పటం కట్టించి ముందుగదిలో దేవుడి పక్కన తగిలించింది. ఊరు కదిలొచ్చింది. ఆ ఇంట్లో తండ్రి పోయాడు, అన్న పోయాడు, అయినా మాస్టారికి లేదంటే ఏం తింటున్నాడు, ఏం తాగుతున్నాడు? ఆడవాళ్లు బిందెలు దింపి నిలబడి ఆ పటాన్ని చూసేవారు. “ఎంత సల్లని రక్తమో సూడే” అనేవారు. నా రక్తాన్ని అంతగా మెచ్చుకున్నవాళ్లు పుట్టి బుద్ధెరిగాక లేరు. అది నాదని చెప్పుకునే వీల్లేదు. నా పేరున వచ్చిన కాగితం మా ఇంట్లో గ్యాసు పుస్తకంలో ఎక్కడో పడి ఉంది.

మొదట్లో మాస్టారు నా వైపు చూసి దొంగనవ్వు నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. రోజూ పొద్దున్న పళ్లు తోముకుంటూ ఆ పటం ముందు నిలబడేవాడట. ఒక నెలకి ఆయన మాట మారింది. “తాటిముంజలు బావా. సిన్నప్పట్నించి తిన్నాను. అందుకే మనకి రాలేదు” అని ఎవరికో చెబుతుంటే విన్నాను. నవ్వుతాడేమోనని ముఖంలోకి చూశాను. నవ్వలేదు. 

ఆయన నమ్మేశాడు. దొంగకాగితమని తెలిసిన ఇద్దరిలో ఒకడు, ఆ కాగితాన్ని నమ్మేశాడు.

అప్పట్నుంచి నేను ఆయన నడక చూడ్డం మొదలెట్టాను. ఆయన దగ్గరే నేర్చుకున్న విద్య. దీపావళికి అడుగు కొంచెం కురచైంది. సంక్రాంతి సెలవులయ్యాక పొద్దున్నే ముఖం ఉబ్బి కళ్లు చిన్నవైపోయేవి. చెప్పులు మార్చాడు, పాతవి బిగుతయ్యాయని. మెట్లెక్కి స్టాఫురూముకొచ్చేసరికి బోర్డు తుడిచే గుడ్డతో మొహం తుడుచుకునేవాడు. ఒకరోజు ధైర్యం చేశాను. నా భయం రెండడుగులు ముందుకెళ్లి ‘రా’ అనలేదు. అయినా వెళ్లాను.

“బావా, ఒకసారి పలాస ఎల్లొద్దాం.”

“ఎందుకు?”

“అది నా రక్తం బావా.”

మాస్టారు పెన్సిలు మొన తేలేదాకా చెక్కాడు. తర్వాత తలెత్తి అడిగాడు:

“గోడ మీద పేరెవుల్ది?”

ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు ఏమీ జరగనట్టు టీ తెచ్చిచ్చాడు. నేనూ ఏమీ జరగనట్టు తాగాను. ఇక ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఆ టీ ఉండదని భయం. ఆయన ప్రాణం కంటే ఆయన తెచ్చే టీ నాకు ముఖ్యమైపోయిందా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతుంటాను. అప్పట్లో అయితే అడగలేదు.

పరీక్షల ముందు ఒక ఉదయం బోర్డు మీద కొబ్బరిచెట్టు గీస్తూ సగంలో కూర్చుండిపోయాడు. పలాస ఆసుపత్రిలో డాక్టరు రక్తపరీక్ష అంకెని ఒకసారి కాదు, మూడుసార్లు చూశాడు. పాత రిపోర్టులేమైనా ఉన్నాయా అన్నాడు. అక్క ఎంతో గర్వంగా గోడ మీది పటం అలాగే చంకలో పెట్టుకుని వచ్చింది.

డాక్టరు అద్దంలోంచి చదివి తెల్లబోయాడు. “కొన్ని నెలల కిందట ఇంత బాగున్నాయా? అయితే ఇది పాతది కాదు, ఉన్నట్టుండి వచ్చింది. పాము కరిచిందా? నాటుమందేమైనా మింగారా? నొప్పుల బిళ్లలా? ఏదో ఒకటి జరిగుండాలమ్మా, గుర్తు తెచ్చుకోండి.”

అక్క గుర్తు తెచ్చుకుంది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మొన్న ఆదోరం పీతల పులుసెట్టినాను బాబూ.”

నేను అక్కడే ఉన్నాను. మంచానికీ గోడకీ మధ్య. నోరు తెరిచాను. మంచం మీదనుంచి మాస్టారు నన్ను చూశాడు. బతిమాలినట్టూ లేదు, బెదిరించినట్టూ లేదు. కింద నేల లేదని కనిపెట్టేసిన చూపు అది. నేను నోరు మూసుకున్నాను. రెండు రోజులు వాళ్లు పాము కాటు కోసం, పసరు మందు కోసం వెతికారు. మూడోరోజు వరండాలో డాక్టరుని పట్టుకుని మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “సరే” అని ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. ముందే చెప్పుంటే బతికేవాడా అని అడగడానికి వెనకే పది అడుగులు నడిచాను. అడగలేకపోయాను. ఆ ‘సరే’కి అర్థమేమిటో తెలియక ఇప్పటికీ భయమే.

డయాలిసిస్‌కి పక్కన కూర్చునేవాణ్ణి. మిషను మీద చిన్న చక్రం తిరుగుతుంటే దానివైపే చూసేవాడు. ఎర్రటి గొట్టాలు. ఒకరోజు మెల్లగా అన్నాడు: “ఇది మట్టుకు నాదే బావా. నీది కాదు.” చక్రం మీదనుంచి చూపు తిప్పి, “మీ అక్కకి సెప్పకు. నా పేరున ఉన్న కాయితం ఆవిడకి ఒక్కటుండనీ” అన్నాడు. మాటిచ్చాను. ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉండలేదు.

ఇదీ నేను నాలుగు నెలలుగా వీధి మొదటిదాకా మోసుకెళ్లి వెనక్కి తెస్తున్న సరుకు.

కిందటి మంగళవారం కాశీబుగ్గలో ఆ గొంతు విన్నాక, ఇక ఉండబట్టక, ఆటో ఎక్కి మా ఇంటి దగ్గర దిగకుండా తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. సాయంత్రం నాలుగు దాటింది. అక్క ముందుగదిలో మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. గోడకి ఆయన ఫొటో, పక్కన పటం. పక్కింటావిడ పెరట్లో బియ్యం చెరుగుతోంది. గోడ అవతలనుంచి చేట చప్పుడు వినిపిస్తోంది.

“రా తమ్ముడూ. దారి మరిసిపోనావనుకున్నాను.” లేచి నీళ్లిచ్చింది. “ఒకటడుగుతాను, సెప్పు. సదువుకున్నోడివి. ఇంత మంచి రక్తమున్న మనిషి ఒక్క పులుసుకి ఎల్లిపోతాడేటి? పీతలు నేనే బేరమాడి తెచ్చినాను. ఆయన ఒద్దన్నాడు. నేనే రెండోసారి వడ్డించినాను.”

మాట నిలబెట్టుకుంటే ఆవిడ జీవితాంతం ఆ పులుసు వండుతూనే ఉంటుంది. చెప్పేశాను. శిబిరం, మఫ్లరు, రెండు చేతులు, పాము, వరండా, అన్నీ. నేల చూస్తూ చెప్పాను. చెప్పడం అయిపోయాక కూడా నేలే చూశాను. శాపనార్థాలకి సిద్ధంగా ఉన్నాను. పక్కనే రోకలి కూడా ఉంది, దానికీ సిద్ధంగా ఉన్నాను.

ఆవిడ లేచి పటం దించింది. కొంగుతో అద్దం తుడిచి, అక్షరాల మీద వేలు పెట్టి ఆయన పేరు చదివింది. తర్వాత దాన్ని బోర్లా మంచం మీద పెట్టింది.

“అయితే పులుసు కాదు.”

“కాదక్కా.”

“ఆయనకి ముందునుంచీ ఉన్నాదన్నమాట.”

“ఉండుంటుంది.”

గట్టిగా ఊపిరి వదిలింది. గుండె మీది బరువు దిగిందనే అనుకున్నాను. నా గుండె కూడా దిగుదామని చూస్తోంది. అంతలో ఆవిడ నా వైపు చూసిన చూపుకి అది మళ్లీ గొంతులోకొచ్చింది.

“ఆరోగ్యం అమ్మాయి మూడుసార్లు ఒచ్చింది తమ్ముడూ, రక్తమియ్యమని. నేనియ్యలేదు. ఈ పటం సూపించి పంపీసినాను. ఒక్క నుయ్యి, ఒక్క కుండ, ఒక్క కంచంలో తిన్నోళ్లం. ఆయనకి లేంది నాకెందుకుంతాదన్నాను. మా నూతి నీళ్లే తాగుతున్నాను కదాని పక్కింటమ్మి కూడా ఇయ్యలేదు.”

మంచం మీద కాళ్లు చాపింది. చీర జానెడు పైకి తీసి, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు తీసింది. ఇద్దరం ఆ చోటే చూస్తూ కూర్చున్నాం. నీరు పట్టిన కాలు, సొట్ట పడింది. అలాగే ఉంది. ఆవిడ చింతపండు పళ్లెం పక్కకి జరిపింది, చేతులు కడుక్కుంది, తలుపు తాళం వెతికింది. వెనక్కొచ్చి చూసుకుంటే ఇంకా అలాగే ఉంది.

“ఎన్నాళ్లనుంచక్కా?”

“సూసుకోలేదు తమ్ముడూ.”

“పద. ఆటో ఉంది.”

“నేనొక్కద్దాన్నే కాదు,” అంది. పెరటి గుమ్మంలోకి వెళ్లి, గోడ మీద చెయ్యి వేసి, మునివేళ్ల మీద లేచి పిలిచింది.

“ఓలమ్మీ! ఆ కాయితం మా ఆయనది కాదంట. నువ్వు కూడా బయలెల్లు.”

అవతల చేట చప్పుడు ఆగిపోయింది.